ఇంజిన్ లేవలేదన్నాడు నాయిన

మా నాయిన సిటీ బస్సు డ్రైవర్‌గా చేసి రిటైరయ్యాడు. అశోక్‌నగర్‌లో ఒక పాత అపార్ట్‌మెంట్‌లో నేనూ ఆయనా ఉంటాం. అమ్మ పోయినప్పటి నుంచి ఆయనకు ఇంట్లో కాలు నిలవదు. టిఫిన్ ప్లేటు సింకులో పెట్టడం, చొక్కా తొడుక్కోవడం, చెప్పుల్లో కాళ్లు పెట్టడం, అన్నీ ఒకే ఊపులో అయిపోతాయి. ఎక్కడికని అడిగితే "గిట్ల పోయొస్త" అంటాడు. ఆ గిట్ల అనేది అంబర్‌పేట్ కావచ్చు, పటాన్‌చెరు కావచ్చు. రిటైరైన వాళ్లకిచ్చే పాసు జేబులో వేసుకుని, ఏ బస్సు ముందొస్తే అది ఎక్కి, చివరి స్టాపు దాకా పోయి తిరిగొచ్చేవాడు.

నాకూ ఆ గుణమే వచ్చింది. రోజంతా కుర్చీలో కూర్చునే ఉద్యోగం కాబట్టి పైకి కనబడదు. లోపల మాత్రం ఒకటే కదలిక. సిగ్నల్ దగ్గర ఆగితే వేళ్లు స్టీరింగ్ మీద ఆడుతూనే ఉంటాయి. అలాంటి నా చేతికి అలాంటి కారు రావడం నా ఖర్మ.

మా ఆఫీసులో పెద్ద హోదాలో ఉన్న ఒకాయన ఊరు మారిపోతూ తన కారు అమ్మకానికి పెడితే తీసుకున్నాను. ప్లగ్గు పెట్టి ఛార్జి చేసుకునే హైబ్రిడ్ కారు. అందులో బ్యాటరీ ఉంటుంది, పెట్రోలు ఇంజినూ ఉంటుంది. ఛార్జి ఉన్నంతసేపు చప్పుడు లేకుండా కరెంటు మీద పోతుంది. అది అయిపోగానే ఇంజిన్ అందుకుంటుంది. దాన్ని మా ఇంట్లో ఇంజిన్ లేవడం అనేవాళ్లం, పక్కగదిలో పడుకున్న మనిషి గురించి అన్నట్టు. కింద పార్కింగ్‌లో మాకున్నది ఒక్క బండి చోటు. అక్కడ నాయిన పాత స్కూటర్ ఉండేది. ఎవరికన్నా ఇచ్చెయ్యమని ఆయనే అన్నాడు. ఇచ్చేశాం. మా మీటరు నుంచి కిందికి వైరు లాగించి, స్తంభానికి పెద్ద ప్లగ్గు పెట్టించాను. ఇంటికి రాగానే తగిలిస్తే తెల్లారేసరికి బ్యాటరీ నిండేది.

నా ఆఫీసు గచ్చిబౌలి దాటాక ఉంది. నిండా ఛార్జి ఉంటే పోవడానికి సుఖంగా సరిపోయేది, రావడానికి కొద్దిగా తక్కువ పడేది. ఆ కొద్దిగానే నన్ను పట్టుకుంది. ఇల్లు చేరేదాకా ఇంజిన్ లేవకుండా రావాలి. ఎందుకు రావాలంటే చెప్పలేను. లేస్తే మునిగిపోయేదేమీ లేదు, పెట్రోలు ట్యాంకు నిండుగానే ఉండేది. అయినా సాయంత్రం ఆఫీసు గేటు దాటిన దగ్గర్నుంచి నా కళ్లు సగం రోడ్డు మీద, సగం స్క్రీన్ మీద చిన్నదైపోతున్న ఆ పచ్చగీత మీద. ఏసీ ఆపేసేదాన్ని. ఎండాకాలంలో చొక్కా వీపుకంటుకుపోతున్నా పక్క సీట్లో నాయిన ఏమీ అనేవాడు కాదు. ఎత్తెక్కే రోడ్డు మానేసి సందుల్లో తిప్పేదాన్ని. ముందు ఆటోవాడు బ్రేకు వేస్తే నా కరెంటు వాడే దోచుకుపోతున్నట్టు తిట్టుకునేదాన్ని.

కారు కొన్న రెండోరోజే నాయిన నాతో రావడం మొదలుపెట్టాడు. పొద్దున మెహిదీపట్నంలో దిగి తన బస్సులు తాను పట్టుకునేవాడు. సాయంత్రం లక్డీకాపూల్ స్టాపులో నిలబడితే నేను ఎక్కించుకునేదాన్ని. అక్కడి నుంచి ఇంటికి ఎన్నో బస్సులున్నా ఎక్కేవాడు కాదు. నీ కార్లనే వస్త అనేవాడు.

అది నాకు వింతగా ఉండేది. నాకు డ్రైవింగ్ నేర్పింది ఆయనే. ఆదివారం పూట ఎవరిదో కారు అడిగి తెచ్చి, అడిక్‌మెట్ దాటాక యూనివర్సిటీ రోడ్ల మీద నేర్పాడు. గేరు ఎప్పుడు మార్చాలని అడిగితే మీటరు చూడనిచ్చేవాడు కాదు, ఇంజిన్ మాట వినమనేవాడు. చెవి పెడితే బండే చెప్తదనేవాడు. మరి ఈ కారులో గేర్లు లేవు, చప్పుడూ లేదు. ఇదేం బండని ఎక్కిరిస్తాడనుకున్నాను. మొదటిరోజు బానెట్ ఎత్తించి కాసేపు లోపలికి చూసి, మంచిగుందని మూసేశాడు. అంతే. తర్వాత ఒక్క మాట లేదు.

ఆ మాట లేకపోవడమే రాను రాను నాకు ముల్లయింది. చప్పుడు లేని కారులో మాట్లాడని మనిషి పక్కన కూర్చుంటే ఎట్లా ఉంటుందో అనుభవించాలి. ఆఫీసు సంగతులు చెప్పేదాన్ని. ఆయన చూపు రోడ్డు మీద నుంచి కదిలేది కాదు. ఒక్కోసారి తలూపేవాడు, అదీ ఊపకూడని చోట. మా మేనేజర్ నన్ను వేరే టీముకు మారుస్తున్నాడట, ఏం చేయాలో తోచట్లేదు అని చెప్తే కూడా అట్లాగే తలూపాడు. స్కూటర్ పోయిందని కోపమేమో అనుకున్నాను. కూతురు పెద్ద కారు కొని తనను పక్క సీట్లో కూర్చోబెట్టిందని చిన్నతనంగా ఉందేమో అనుకున్నాను. ఇంట్లో కూడా మారిపోయాడు. టీవీ పెట్టడం మానేశాడు. మా బాబాయి ఫోన్ చేస్తే, నువ్వే మాట్లాడమని నా చేతికిచ్చి బాల్కనీలోకి వెళ్లిపోయేవాడు. ఆదివారాలు చిక్కడపల్లి లైబ్రరీకి పోయి పొద్దుగూకేదాకా పేపర్లు చదివేవాడు. అన్నిటికీ నేను ఒకటే అర్థం చెప్పుకున్నాను. ఈయన అలిగాడు.

మా వీధిలో మాత్రం ఆయనకు ఎక్కడలేని హుషారు వచ్చేది. అశోక్‌నగర్ సందులు పొద్దున పూట పిల్లలతో నిండి ఉంటాయి. ఊళ్ల నుంచి వచ్చి హాస్టళ్లలో ఉండి పోటీ పరీక్షలకు చదివేవాళ్లు. నడుస్తూ చదువుతారు, చదువుతూ టీ తాగుతారు. వెనక నా కారు వచ్చి నిలబడ్డా వాళ్లకు తెలియదు, చప్పుడుండదు కదా. అంత దగ్గర నుంచి హారన్ కొట్టడానికి నాకు మనసొప్పేది కాదు. నాయిన కిటికీ దించి, చెయ్యి బయటపెట్టి, బస్సు కండక్టర్ కొట్టినట్టు అరచేత్తో డోరు మీద దబదబ కొట్టేవాడు. "జర జరుగుండ్రి, జరుగుండ్రి." పిల్లలు ఉలిక్కిపడి, ఆయన్ని చూసి నవ్వి పక్కకు జరిగేవాళ్లు. ఆయనా నవ్వేవాడు. వాళ్లతో నవ్వే మనిషి నాతో ఎందుకు నవ్వడు అని నాకు ఇంకా ఒళ్లు మండేది.

ఒక సాయంత్రం వాన పట్టుకుంది. ట్రాఫిక్ చీమల బారులా కదులుతోంది. అద్దాలకు ఆవిరి పట్టడంతో ఏసీ వేయక తప్పలేదు. లక్డీకాపూల్‌లో నాయిన తడిసిన గొడుగుతో ఎక్కేటప్పటికే పచ్చగీత అడుగంటింది. సెక్రటేరియట్ పక్కన ఫ్లైఓవర్ ఎక్కుతున్నాను. వెనకవాడు హారన్ మోగిస్తుంటే గట్టిగా తొక్కాను. అంతే, ఇంజిన్ లేచింది. మామూలుగా మెల్లగా అందుకునేది, ఆ ఎత్తు మీద అంత బరువు ఒక్కసారిగా పడేసరికి గర్రుమని లేచింది. పెడల్ కింద నుంచి నా కాలికి అదురు తెలిసింది. ఓడిపోయానని పళ్లు కొరుక్కున్నాను.

అప్పుడు నాయిన ఎంతోకాలానికి తనంతట తాను మాట్లాడాడు.

"మంచిగ నడుపుతున్నవ్ బిడ్డా. ఇంత వానల గూడ ఇంజిన్ లేవనే లేదు."

ఎగతాళి చేస్తున్నాడేమోనని ఆయన ముఖం చూశాను. చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని, అద్దం మీద వైపర్లు ఆడుతుంటే చూస్తూ ప్రశాంతంగా ఉన్నాడు. ఇంజిన్ అరుస్తూనే ఉంది. ఫ్లైఓవర్ దిగాం, ఇందిరాపార్క్ ముందుకొచ్చాం, అరుస్తూనే ఉంది. నేను ముందుకే చూస్తూ, మామూలు గొంతుతో, నాయినా, చాయ్ తాగుదమా అన్నాను. జవాబు లేదు. ఇంకోసారి కొంచెం గట్టిగా అన్నాను. లేదు. చాయ్ అంటే ఎప్పుడూ వద్దనని మనిషి.

ఆ రాత్రి కారు ప్లగ్గుకు తగిలించడం మరిచిపోయాను.

తర్వాతి వారమంతా నేను మనిషిలో లేను. అడగాలి, ఎట్లా అడగాలి. ఆయన మాత్రం రోజూ మెహిదీపట్నంలో దిగి, చెయ్యూపి, ఆ బస్సుల మధ్యలోంచి రోడ్డు దాటిపోతుంటే అవతలికి చేరేదాకా నేను కారు కదిలించేదాన్ని కాదు. ఇంతకాలం ఆయన నారాయణగూడ చౌరస్తాలో, కోఠిలో, ఎక్కడెక్కడో ఇట్లాగే రోడ్లు దాటుతున్నాడు. వెనక నుంచి వచ్చేదేదీ ఆయనకు తెలియదు. ఆఫీసులో కూర్చుని ఫోన్ చేసేదాన్ని. ఎత్తేవాడు కాదు. ఎత్తకపోవడం మామూలే, కానీ ఇప్పుడు ఎందుకు ఎత్తట్లేదో తెలిసింది కాబట్టి మళ్లీ మళ్లీ చేసేదాన్ని. కంప్యూటర్ ముందు నుంచి లేచి వరండాలో నడిచి మళ్లీ వచ్చి కూర్చునేదాన్ని. పక్క సీటావిడ ఒంట్లో బాగోలేదా అని అడిగింది.

చివరికి ఒక సాయంత్రం ఇంటికి పోకుండా ఇందిరాపార్క్ గోడ పక్కన కారు ఆపాను. ఆయన భుజం మీద చెయ్యి వేశాను. నా వైపు తిరిగాడు. ఆయన చూపు నా కళ్ల మీద కాదు, పెదవుల మీద ఉంది. అది నేను ఎన్నాళ్లుగా చూస్తూ కూడా చూడలేదో.

"నాయినా, నీకు వినపడ్తలేదు కదా" అన్నాను.

వెంటనే కాదనబోయాడు. ఆ మాట నోటిదాకా వచ్చి ఆగడం కనిపించింది. గొడుగు పిడి సవరించుకున్నాడు. ఎప్పటి నుంచి అని అడిగాను. మెల్లమెల్లగ పోయింది, ఏ దినమని చెప్పాలె అన్నాడు. రిటైరవక ముందు నుంచే ఎడమ చెవి మొద్దుబారిందట. డ్రైవర్ సీటు పక్కన పాత బస్సుల ఇంజిన్ ఉండేది, దాని మోతకు చెవులు పోనిదెవరికి అన్నాడు, అందరికీ వచ్చే జలుబు గురించి చెప్పినట్టు. కుడిచెవి ఈ రెండు మూడేళ్లలోనే. మరి నాకెందుకు చెప్పలేదని అడిగాను.

"చెప్తే ఇంట్ల కూసోమంటవ్" అన్నాడు. డ్యాష్‌బోర్డు మీద చెయ్యి వేసి, "గీ కార్ల కూసుంటే మంచిగుండె బిడ్డా. ఇందుల నీకేం వినపడది, నాకేం వినపడది. ఇద్దరం ఒక్కతీరే ఉంటిమి."

కారు కదిలించాను. ఇంటి దాకా ఇద్దరం మాట్లాడుకోలేదు, ఈసారి నాకు కోపం రాలేదు.

ఆయన భయపడ్డదే నేను చేశాను. మర్నాడు పొద్దున, డాక్టర్‌కు చూపించేదాకా బయటికి పోవద్దని గట్టిగా చెప్పాను. నేను ఆఫీసుకు పోగానే బయల్దేరాడట. వాచ్‌మన్ చెప్పాడు. సాయంత్రం నేను అరిచాను. అరుపు ఆయనకు బాగానే వినపడింది. ఆయనా అరిచాడు. ఈ రోడ్లు నేను తొక్కినన్ని ఎవడు తొక్కలేదు, నాకు నువ్వు చెప్తవా అన్నాడు. రెండ్రోజులు అన్నం వేరువేరుగా తిన్నాం. మూడోరోజు ఆయనే, ఎప్పుడు పోదాం డాక్టర్ దగ్గరికి అని అడిగాడు.

నారాయణగూడలో ఒక చెవి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాను. పరీక్ష చేసే అమ్మాయి నాయినను అద్దాల గదిలో కూర్చోబెట్టి, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించి, చప్పుడు వినపడినప్పుడల్లా వేలెత్తమని చెప్పింది. అద్దం ఇవతల ఆ అమ్మాయి, ఆమె పక్కన నేను. మొదట ఆయన అన్నిటికీ వేలెత్తాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. ఆ అమ్మాయి మాత్రం నవ్వి, లోపలికి పోయి, ఆయన కుర్చీని గోడ వైపు తిప్పి వచ్చింది. ఆమె చెయ్యి మీట మీద కదలడం చూసి వేలెత్తుతున్నాడట. కుర్చీ తిప్పాక ఆమె చప్పుడు పంపుతోంది, ఆయన వేలు లేవడం లేదు. ఆమె ఇంకా పెంచుతోంది. ఆయన వీపు నిటారుగా, తల కొంచెం వంచి, ఏదో రావాల్సిన బస్సు కోసం చూస్తున్నట్టు కూర్చున్నాడు. నేను అక్కడ నిలబడలేక బయటికి వచ్చి మెట్ల మీద అటూ ఇటూ తిరిగాను.

రెండు చెవులకూ మిషన్లు పెట్టారు. మెట్లు దిగి రోడ్డు మీదికి రాగానే నాయిన రెండు చేతులతో చెవులు మూసుకున్నాడు. నారాయణగూడ చౌరస్తా సాయంత్రం పూట మొదటిసారి వినడానికి మంచి చోటు కాదు. ఇంటికొచ్చాక ఫ్యాన్ ఆపమన్నాడు. కుక్కర్ విజిల్‌కు లేచి నిలబడ్డాడు. ఈ ఇల్లు గింత లొల్లి చేస్తదా అన్నాడు. రెండో రోజుకు మిషన్లు తీసి చొక్కా జేబులో వేసుకున్నాడు. పెట్టుకో అని నేను, నొప్పి లేస్తుందని ఆయన. అట్లా కొంతకాలం నడిచింది. మెల్లగా పొద్దున పూట పెట్టుకోవడం అలవాటైంది.

ఒకరోజు కారులో పోతుంటే నా వైపు తిరిగి విస్తుపోయి చూశాడు. మాసబ్‌ట్యాంక్ దగ్గర ఒక బైకువాడు అడ్డం వచ్చాడు. నేను నా అలవాటు ప్రకారం వాణ్ని నోటికొచ్చిన మాటలన్నీ అన్నాను. ఇంతకాలం వినే మనిషి లేడు కాబట్టి ఆ మాటలు బాగా ముదిరిపోయాయి. అసొంటి మాటలు ఏడ నేర్చినవ్ అని అడిగాడు.

"నీ దగ్గర్నే" అన్నాను.

నవ్వాడు. మెహిదీపట్నం దాకా ఆగి ఆగి నవ్వుతూనే ఉన్నాడు.

ఇక మాట్లాడుకుంటామని, ఆఫీసు సంగతులన్నీ మళ్లీ మొదట్నుంచి చెప్పాలని నేను లెక్కేసుకుంటుంటే, ఆ తర్వాత కొద్దిరోజులకే ఆయన కారు ఎక్కడం మానేశాడు. పొద్దున నేను తయారై వచ్చేసరికి చెప్పులేసుకుని నిలబడి ఉన్నాడు. నేను బస్సుల పోత, నువ్వు పో అన్నాడు. ఎందుకంటే, బస్సులో మనుషులు మాట్లాడుకుంటారట, వినాలని ఉందట. నా కారులో ఏముందట వినడానికి. ఆ మాట ఆయన కష్టపెట్టాలని అనలేదు. అయినా ఆ పక్క సీటు ఖాళీగా పెట్టుకుని గచ్చిబౌలి పోయి రావడం నాకు కష్టంగానే ఉండింది. ఆయన మాట్లాడకుండా కూర్చున్న రోజుల్లో విసుగు, ఇప్పుడు కూర్చోలేదని విసుగు. పచ్చగీత వైపు చూడటం తగ్గింది. ఇంజిన్ ఎక్కడ లేస్తే అక్కడ లేవనిచ్చాను. ఏసీ వేసుకున్నాను. అయినా వేళ్లు స్టీరింగ్ మీద ఆడుతూనే ఉన్నాయి.

ఒక శనివారం చిక్కడపల్లిలో కూరగాయలు కొనుక్కుని ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ మీదుగా వస్తుంటే, ఒక చాయ్ హోటల్ ముందు నాయిన కనిపించాడు. ఆయనతోపాటు ఇంకో ముగ్గురు పెద్దమనుషులు. నలుగురూ ఒకేసారి మాట్లాడుతున్నారు. కారు పక్కకు తీసి ఆపాను. నన్ను చూసి నాయిన, మా బిడ్డ అని వాళ్లకు చూపించాడు. ముగ్గురూ ఆయనతో ఒకే డిపోలో పనిచేసిన డ్రైవర్లట. వాళ్లలో పొడుగాయన, మీ నాయిన మా మీద అలిగిండనుకున్నం అమ్మా అన్నాడు. రెండేళ్లుగా ఇటు తొంగిచూడలేదట. అంతకుముందు వచ్చిన రోజుల్లో, ఎవరో తమ ఇంట్లో చావు కబురు చెప్తుంటే నాయిన నవ్వాడట. అందరూ తెల్లబోయారట. ఆ మర్నాటి నుంచి రావడం మానేశాడు. వాళ్లు చెప్తుంటే నాయిన చాయ్ గ్లాసులోకి చూస్తూ కూర్చున్నాడు. ఎందుకు నవ్వాడో వాళ్లకు ఇప్పుడు తెలుసు. మిషన్లు వాళ్లందరికీ తీసి చూపించాడట.

కారు గురించి అడిగారు. నాయిన చెప్పడం మొదలుపెట్టాడు, ఛార్జింగు, బ్యాటరీ, ఇంజిన్. సగం తప్పే చెప్పాడు, నేను సరిచేయలేదు. జర ఎక్కిచ్చుకోని తిప్పరాదా అమ్మా అన్నాడు పొట్టిగా ఉన్నాయన. నలుగురూ ఎక్కారు. నాయిన ముందు, మిగతావాళ్లు వెనక. కూరగాయల సంచి ఒకాయన ఒళ్లో పెట్టుకున్నాడు. ఎటు పోవాలని అడిగాను. ఎటన్న పో అన్నారు.

చిక్కడపల్లి మీదుగా నారాయణగూడ వైపు తీశాను. జీవితమంతా స్టీరింగ్ ముందు కూర్చున్న నలుగురు మనుషులు ఒక కారులో ఉంటే నడిపేవాళ్ల గతి ఏమవుతుందో నాకు ఆ రోజే తెలిసింది. ఎడమకు తియ్యి అని ఒకరు, ఆగు బైకొస్తుంది అని ఒకరు, ఈ సిగ్నల్ దొంగ సిగ్నల్, పచ్చ పడ్డా చూసి పో అని ఇంకొకరు. మెట్రో స్తంభాలు రాకముందు బస్‌స్టాపు ఎక్కడుండేదో అన్నదాని మీద వెనక పెద్ద గొడవ. నాయిన సీట్లో పూర్తిగా వెనక్కి తిరిగి, మోకాలు మడిచి, వేలు చూపిస్తూ వాదిస్తున్నాడు. సీటు బెల్టు మెడకు పడుతోందని చెప్తే వినలేదు. వినపడక కాదు.

పొట్టిగా ఉన్నాయనను అంబర్‌పేట్‌లో దించాం. అక్కడి నుంచి తిరిగి పొడుగాయనను అడిక్‌మెట్‌లో. మూడో ఆయన ఇల్లు గాంధీనగర్. అక్కడికి చేరేసరికి ఆయన కథ ఇంకా సగంలో ఉంది. నాయిన ఆయనతోపాటు దిగిపోయాడు. నువ్వు పో, నేను నడిచొస్త అన్నాడు. చీకటి పడుతోంది, కారెక్కు అన్నాను. ఇద్దరూ అప్పటికే సందులోకి మళ్లారు. నాయిన తల మిత్రుడి వైపు వంచి వింటున్నాడు. వెనక నుంచి ఒక ఆటో వస్తే, తనంతట తానే పక్కకు జరిగాడు.

ఇంటికి పోతే వంట చేసుకోవాలి, తోటకూర వాడిపోతోంది. ఇంటి వైపే తిప్పాను కూడా. కానీ మా సందు మొదలు దగ్గర చెయ్యి ఎడమకు తిరగలేదు. నేరుగా పోనిచ్చి, ఇందిరాపార్క్ దగ్గరి స్టీల్ బ్రిడ్జి ఎక్కాను. ఎక్కడికని అడిగితే చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు.